మధుమేహం ఉన్నవారికి పాదరక్షలు: కొలత తీసే నిపుణుణ్ని ఎంచుకోవడం ఎలా?

పుదుచ్చేరి, లాస్‌పేట: చెప్పుల దుకాణంలోకి వెళ్లి, కాలికి తొడుక్కొని, నాలుగు అడుగులు వేసి, బిగుతుగా లేకపోతే కొనుక్కొని రావడం మనందరికీ అలవాటైన పద్ధతి. ఆరోగ్యవంతుడి పాదానికి ఈ పద్ధతి చాలావరకు సరిపోతుంది. ఎందుకంటే చెప్పు కరిస్తే పాదమే ఆ సంగతి చెబుతుంది. దీర్ఘకాలం మధుమేహంతో బాధపడుతున్న వారిలో చాలామంది పాదాలు ఆ మాట చెప్పే శక్తిని కోల్పోతాయి. అలాంటి వారికి పాదరక్షల ఎంపిక చికిత్సలో ఒక భాగం. అందుకే కొలత ఎవరు తీస్తున్నారన్న విషయం చెప్పుల ధర కంటే, రంగు కంటే ముఖ్యమవుతుంది.

ఈ విషయం పుదుచ్చేరి ప్రజలకు మరింత దగ్గరిది. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా నిర్వహించి 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం దేశంలో వయోజనులలో మధుమేహం 11.4 శాతం మందికి ఉండగా, పుదుచ్చేరిలో అది 26.3 శాతం. గోవా 26.4 శాతంతో మొదటి స్థానంలోను, పుదుచ్చేరి రెండవ స్థానంలోను నిలిచాయి. అంటే ఇక్కడ ప్రతి నలుగురు పెద్దలలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నట్లే. విమానాశ్రయం, కళాశాలలు ఉన్న లాస్‌పేటలో అయినా, గోదావరి తీరాన ఉన్న తెలుగువారి యానాంలో అయినా ఈ లెక్క వర్తించని వీధి ఉండదు.

మంచుకొండల నుంచి ఒక పాఠం

పాదరక్షల కొలతను ఒక వృత్తిగా గుర్తించిన రంగాలలో స్కీయింగ్ క్రీడ ఒకటి. మన దేశంలో గుల్‌మార్గ్, ఔలీ వంటి చోట్ల, విదేశాలలో ఆల్ప్స్ పర్వత ప్రాంతాలలో మంచు మీద జారే ఈ క్రీడకు గట్టి ప్లాస్టిక్ కవచంతో చేసిన బూట్లు వాడతారు. ఆ కవచం తోలులాగా సాగదు. కొద్ది మిల్లీమీటర్ల తేడా వచ్చినా పాదం నలిగిపోతుంది, లేదా లోపల జారి అదుపు తప్పుతుంది. అందుకని అనుభవజ్ఞులు బూటును కొనేముందు కొలత నిపుణుణ్ని ఎంచుకుంటారు. ఆ నిపుణుడు రెండు పాదాలనూ నిలబెట్టి కొలుస్తాడు. బూటులోని మెత్తని పొరను బయటికి తీసి, ఖాళీ కవచంలో పాదం పెట్టించి, మడమ వెనుక ఎంత చోటు మిగిలిందో వేళ్లతో చూస్తాడు. అవసరమైన చోట కవచాన్ని వేడిచేసి సాగదీస్తాడు. కొన్ని రోజులు వాడిన తరువాత మళ్లీ రమ్మని చెప్పి సరిచేస్తాడు.

ఈ పనిలో ఒక సౌలభ్యం ఉంది. నిపుణుడు పొరపాటు చేస్తే క్రీడాకారుడికి గంటలోపే నొప్పి పుడుతుంది. అతడు తిరిగి వచ్చి సరిచేయించుకుంటాడు. మధుమేహం వల్ల స్పర్శ తగ్గిన పాదానికి ఆ అవకాశం లేదు. బూటులో పడిన గులకరాయితో సాయంత్రం దాకా నడిచినవారు, కాలినుంచి చెప్పు జారిపోయిన సంగతి ఇంటికి వచ్చాక గాని గమనించనివారు వైద్యులకు తరచుగా కనిపిస్తారు. కనుక క్రీడాకారుడి విషయంలో పాటించే జాగ్రత్తలన్నీ ఇక్కడా పాటించాలి. వాటికి తోడు, పాదం చెప్పలేని విషయాలను నిపుణుడే వెదికి తెలుసుకోవాలి.

వేలూరులో మొదలైన ఆలోచన

స్పర్శ లేని పాదానికి తగిన పాదరక్ష ఎలా ఉండాలన్న ప్రశ్నకు దక్షిణ భారతదేశంలోనే ముఖ్యమైన సమాధానాలు లభించాయి. పుదుచ్చేరికి ఎంతో దూరం లేని వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ పాల్ బ్రాండ్, తమిళనాడులోని కొల్లిమలై కొండలలోనే 1914లో జన్మించారు. కుష్ఠు వ్యాధిగ్రస్తుల పాదాలకు పుండ్లు పడటానికి వ్యాధి ఒక్కటే నేరుగా కారణం కాదని, నొప్పి తెలియని పాదం మీద రోజూ పడే ఒత్తిడే వాటికి ముఖ్య హేతువని ఆయన, ఆయన సహచరులు నిరూపించారు. ఆ ఒత్తిడిని అరికాలు అంతటా సమంగా పంచే మెత్తని, సన్నని గాలి గదులున్న రబ్బరు అట్ట కోసం వేలూరు, దాని సమీపంలోని కరిగిరి కేంద్రాలలో కృషి జరిగింది. నేడు దేశమంతటా ఎం.సీ.ఆర్. చెప్పులుగా పిలుస్తున్నవి ఆ రబ్బరుతో తయారైనవే. మైక్రో సెల్యులార్ రబ్బరు అన్నదానికి అది సంక్షిప్త రూపం.

కుష్ఠు రోగుల కోసం పుట్టిన ఆ జ్ఞానమే తరువాత మధుమేహ రోగులకు ఆధారమైంది. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద స్పర్శ కోల్పోయిన పాదాలు ఉన్నవారికి ఈ చెప్పులను ఉచితంగా అందజేస్తున్నారు. మధుమేహ రోగులు మాత్రం ఎక్కువగా సొంతంగా కొనుక్కోవలసి వస్తోంది. అక్కడే చిక్కు మొదలవుతోంది. పెట్టె మీద ‘డయాబెటిక్’ అన్న మాట అచ్చువేసి ఉన్నంత మాత్రాన ఆ చెప్పు మీ పాదానికి తగినదని అర్థం కాదు. మెత్తదనం ఒక గుణం మాత్రమే. పొడవు, వెడల్పు, వేళ్ల వద్ద ఎత్తు, మడమ పట్టు సరిగ్గా లేకపోతే ఎంత మెత్తని అట్ట ఉన్నా పుండు పడవచ్చు.

ఎవరికి నిపుణుడు తప్పనిసరి?

మధుమేహం ఉన్న ప్రతి ఒక్కరికీ ప్రత్యేక పాదరక్షలు అవసరం లేదు. అంతర్జాతీయ మార్గదర్శకాలు రోగులను నాలుగు వర్గాలుగా విభజించాయి. స్పర్శ, రక్తప్రసరణ రెండూ బాగున్నవారు మొదటి వర్గం. వీరు ఏడాదికి ఒకసారి పాదాలను పరీక్ష చేయించుకొని, కాలికి సరిపడిన మామూలు పాదరక్షలు ధరిస్తే చాలు. స్పర్శ గాని రక్తప్రసరణ గాని తగ్గినవారు ఆరు నుంచి పన్నెండు నెలలకు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. ఆ రెండూ తగ్గినవారు, లేదా వాటిలో ఒకదానితోపాటు వేళ్లు వంకర తిరగడం, అరికాలి ఎముకలు పొడుచుకు రావడం వంటి మార్పులు ఉన్నవారు మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి వెళ్లాలి. స్పర్శ గాని రక్తప్రసరణ గాని తగ్గి ఉండి, గతంలో పుండు పడినవారు, వేలు లేదా పాదభాగం తొలగించినవారు, మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నవారు ఒకటి నుంచి మూడు నెలలకు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

చివరి రెండు వర్గాలవారు నిపుణుడి కొలత లేకుండా పాదరక్షలు కొనకూడదు. మధుమేహం ఉన్నవారిలో జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు పాదానికి పుండు పడే అవకాశం 19 నుంచి 34 శాతం వరకు ఉంటుందని వైద్యశాస్త్ర గ్రంథాలు చెబుతున్నాయి. ఒకసారి మానిన పుండు ఏడాదిలోపే మళ్లీ తిరగబెట్టే అవకాశం సుమారు 40 శాతం. పుండు మానిన తరువాత కూడా పాత చెప్పులనే తొడుక్కోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

మీరు ఏ వర్గంలో ఉన్నారో తెలుసుకోవడం కష్టం కాదు. పది గ్రాముల ఒత్తిడి వద్ద వంగే నైలాను తంతువును అరికాలి మీద ఆనించి స్పర్శను, శ్రుతిదండాన్ని ఎముక మీద ఉంచి కంపనాన్ని గుర్తించే శక్తిని, పాదం మీది నాడిని పట్టి రక్తప్రసరణను వైద్యులు పరీక్షిస్తారు. ఈ పరీక్షలకు కొద్ది నిమిషాలు చాలు, నొప్పి ఉండదు. తమిళం మాట్లాడే వైద్య సిబ్బందితో లక్షణాలు చెప్పుకోవడానికి సంకోచించే తెలుగువారు, ముఖ్యంగా యానాం నుంచి వచ్చే వృద్ధులు, ‘తిమ్మిరి’ అన్నా ‘మరత్తు పోచ్చు’ అన్నా విషయం అర్థమవుతుంది. నొప్పి లేదు కాబట్టి అంతా బాగుందని అనడం మాత్రం ప్రమాదకరం.

నిపుణుడు ఎవరు? ఎలా గుర్తించాలి?

మన దేశంలో కృత్రిమ అవయవాలు, అవయవాలకు ఆధారమిచ్చే సాధనాలు, వైద్యపరమైన పాదరక్షలు అమర్చే విద్యను అభ్యసించినవారిని ప్రాస్థెటిస్ట్, ఆర్థోటిస్ట్ అని పిలుస్తారు. ఇందుకు ప్రత్యేక పట్టభద్ర కోర్సు ఉంది. 1992 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన భారత పునరావాస మండలి వీరి పేర్లను కేంద్ర రిజిస్టరులో నమోదు చేస్తుంది. కాబట్టి మీ పాదం కొలిచే వ్యక్తిని రిజిస్ట్రేషన్ సంఖ్య అడగటం మీ హక్కు. అడిగినందుకు నొచ్చుకునేవారి వద్దకు మళ్లీ వెళ్లనవసరం లేదు.

పెద్ద ఆసుపత్రులలోని భౌతిక వైద్య, పునరావాస విభాగాలు ఇలాంటి నిపుణులను చేరుకోవడానికి సులువైన మార్గం. లాస్‌పేటకు చేరువలో గోరిమేడు వద్ద ఉన్న జిప్మర్ మూలాలు 1823లో ఫ్రెంచివారు ప్రారంభించిన వైద్య పాఠశాలలో ఉన్నాయి. 2008లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. పుదుచ్చేరి నుంచి చెన్నై వెళ్లే తూర్పు తీర రహదారి మీద ముట్టుకాడు వద్ద కేంద్ర ప్రభుత్వపు బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. ముందుగా మీ వైద్యుడి సిఫారసు చీటీ తీసుకొని, అందులో పాదపు వర్గం, పుండ్ల చరిత్ర రాయించుకొని వెళితే సమయం కలిసి వస్తుంది.

నైపుణ్యం గల చెప్పుల కళాకారుల స్థానాన్ని తక్కువ చేయరాదు. తోలు, రబ్బరు, కుట్టు వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియవు. నిపుణుడు కొలత, నమూనా ఇచ్చినప్పుడు వారి చేతిలో తయారైన చెప్పు ఉత్తమంగా ఉంటుంది. కొలత, పరీక్ష లేకుండా అంచనాతో చేయించుకోవడమే ప్రమాదం.

మంచి కొలతకు గుర్తులు

కొలత తీసే వ్యక్తి పనితీరును గమనిస్తే ఆయన సామర్థ్యం తెలిసిపోతుంది. ఈ కింది అంశాలను చూడండి.

మొదటిది, ఆయన ముందుగా చెప్పులు చూపించడు, పాదాలు చూస్తాడు. వేళ్ల మధ్య చర్మం, ఆనెకాయలు, గోళ్లు, పాత మచ్చలు పరిశీలిస్తాడు. మీరు వాడుతున్న పాత చెప్పులు తిప్పి, అట్ట ఎక్కడ అరిగిందో చూస్తాడు. ఒత్తిడి ఎక్కడ పడుతోందో ఆ అరుగుదల చెబుతుంది.

రెండవది, రెండు పాదాలనూ నిలబెట్టి కొలుస్తాడు. బరువు మోపినప్పుడు పాదం పొడవు, వెడల్పు రెండూ పెరుగుతాయి. రెండు పాదాలు ఒకే కొలతలో ఉండటం అరుదు. పెద్ద పాదాన్ని బట్టి పాదరక్షను నిర్ణయించాలి. సాయంత్రానికి పాదాలు కొంత ఉబ్బుతాయి కాబట్టి ఆ వేళ తీసిన కొలత నమ్మదగినది.

మూడవది, పొడవు ఒక్కటే చూసి ఆగడు. 1920లలో అమెరికాకు చెందిన చార్లెస్ బ్రానాక్ రూపొందించిన కొలత పలక నేటికీ వాడుకలో ఉంది. అది మడమ నుంచి వేలి కొస దాకా పొడవును, మడమ నుంచి బొటనవేలి మూలం దాకా పొడవును, వెడల్పును వేరువేరుగా చూపుతుంది. పొడవు సమానంగా ఉన్న రెండు పాదాలకు మిగిలిన రెండు కొలతలు వేరుగా ఉండవచ్చు.

నాలుగవది, చెప్పు లోపలి పొడవు పాదం కంటే ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా చూస్తాడు. లోపలి వెడల్పు వేళ్ల మూలాల వద్ద పాదం వెడల్పుతో సమానంగా ఉండాలి. వేళ్ల పైభాగం అట్టకు తగలకూడదు. మడమ జారకూడదు.

ఐదవది, చెప్పు లోపల చేయి పెట్టి తడిమి చూస్తాడు. మేకు, గట్టి కుట్టు, మడత ఏదీ ఉండకూడదు. స్పర్శ లేని పాదానికి చేసే చెప్పులలో మేకులు వాడరాదు.

ఆరవది, మడమ వెనుక పట్టీ ఉన్న చెప్పునే సూచిస్తాడు. బొటనవేలి సందున పట్టీ ఉండే హవాయి చెప్పులు ఈ రోగులకు తగవు. ఆ పట్టీ చర్మాన్ని కోస్తుంది. చెప్పు జారకుండా ఉండటానికి వేళ్లను బిగించి నడవవలసి వస్తుంది.

ఏడవది, అవసరమైతే అమ్మకానికి నిరాకరిస్తాడు. అరికాలికి తెరిచి ఉన్న పుండు ఉంటే దానికి చెప్పు మందు కాదు. ఒత్తిడిని పూర్తిగా తొలగించే కట్టు లేదా సాధనం వైద్యుడు వేయాలి. నొప్పి లేకుండా పాదం ఎర్రబడి, వేడెక్కి, వాచి ఉంటే లోపల ఎముకలు దెబ్బతింటూ ఉండవచ్చు. అలాంటి పాదాన్ని చూసి ఆ రోజే వైద్యుడి వద్దకు వెళ్లమని చెప్పేవాడే నిజమైన నిపుణుడు. వదులు చెప్పు ఇచ్చి పంపేవాడు కాదు.

సైజు సంఖ్యను నమ్మవచ్చా?

పాదరక్షల మీది సంఖ్యలు మూడు నాలుగు వేర్వేరు పద్ధతులకు చెందినవి. మన దుకాణాలలో ఎక్కువగా కనిపించే బ్రిటిష్ పద్ధతిలో ఒక సంఖ్యకు, మరొక సంఖ్యకు మధ్య అంగుళంలో మూడవ వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. ఫ్రాన్సులో పుట్టిన పారిస్ పాయింట్ పద్ధతిలో ఆ తేడా సుమారు 6.7 మిల్లీమీటర్లు. స్కీ బూట్లకు వాడే మోండోపాయింట్ పద్ధతి పాదం పొడవునే నేరుగా తెలుపుతుంది. ఒకే సంఖ్య ఉన్న రెండు సంస్థల చెప్పులు ఒకే కొలతలో ఉంటాయన్న హామీ లేదు, ఎందుకంటే వాటిని తయారుచేసే అచ్చులు వేరు.

భారతీయుల పాదాలకు ప్రత్యేక కొలత విధానం కోసం చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు 79 ప్రాంతాలలో 1,01,880 మంది పాదాలను త్రిమితీయ యంత్రాలతో కొలిచింది. భారతీయుల పాదాలు సాధారణంగా యూరోపియన్ల, అమెరికన్ల పాదాల కంటే వెడల్పుగా ఉన్నట్లు తేలింది. వెడల్పు చాలక చాలామంది అవసరానికి మించిన పొడవు గల పాదరక్షలు వాడుతున్నారని అధ్యయనం గుర్తించింది. ఈ ఫలితాల ఆధారంగా ‘భా’ అనే పేరుతో ఎనిమిది వర్గాల కొలత విధానం ప్రతిపాదించారు. పొడవు పెంచితే వెడల్పు లోటు తీరదు. చెప్పు వంగే చోటు ముందుకు జరిగి, పాదం వంగే చోటుతో కలవదు. అక్కడే రాపిడి పుడుతుంది.

ఇంట్లో చేయగల పరీక్ష

పాత చెప్పులు సరిపోతున్నాయో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. సాయంత్రం వేళ అట్ట కాగితం మీద నిలబడి, మరొకరి చేత పాదం చుట్టూ పెన్సిలుతో గీయించండి. ఆ గీత వెంబడి కత్తిరించి, ఆ ముక్కను చెప్పు లేదా బూటు లోపల పరచండి. అంచులు పైకి ముడుచుకుంటే, లేదా బయటికి పొడుచుకువస్తే, అది మీ పాదానికి ఇరుకైనదని అర్థం. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన ఆ చెప్పు తగినదని చెప్పలేము గాని, ఓడినదాన్ని వెంటనే పక్కన పెట్టవచ్చు.

కొన్న తరువాత

కొత్త పాదరక్షలను మొదటి రోజే ఉదయం నుంచి రాత్రి వరకు ధరించవద్దు. గంట, రెండు గంటలతో ప్రారంభించి రోజురోజుకు పెంచండి. విప్పిన ప్రతిసారీ పాదాలను చూసుకోండి. అరికాలు కనిపించకపోతే అద్దం వాడండి, లేదా ఇంట్లోవారి సాయం తీసుకోండి. ఎర్రని మచ్చ అరగంట గడిచినా పోకపోతే ఆ చెప్పును వాడటం ఆపి, నిపుణుడికి చూపించండి. మెత్తని రబ్బరు అట్ట వాడుతున్న కొద్దీ అణిగిపోతుంది. పైకి కొత్తగా కనిపించినా లోపల సత్తువ పోతుంది. కాబట్టి ప్రతి పరీక్షకు పాదాలతోపాటు చెప్పులను కూడా తీసుకువెళ్లాలి.

ఇంట్లో కూడా ఉత్తపాదాలతో తిరగకూడదన్నది వైద్యుల మాట. గడప దాటాక చెప్పులు విడవడం మన సంప్రదాయం కాబట్టి, ఇంట్లో వాడటానికి అదే కొలతతో మరొక జత పెట్టుకోవడం మంచి మార్గం. ఆలయాలకు వెళ్లేటప్పుడు రాళ్లు కాలని ఉదయపు వేళను ఎంచుకోవాలి. అనుమతి ఉన్నచోట మందపాటి మేజోళ్లు ధరించాలి. మండుటెండలో గచ్చు మీద నడిచి, బొబ్బలు లేచిన సంగతి ఇంటికి వచ్చాక గాని తెలియని రోగులు ప్రతి వేసవిలో ఉంటారు.

నిపుణుణ్ని కలిసినప్పుడు ఐదు ప్రశ్నలు అడగండి. మీ రిజిస్ట్రేషన్ సంఖ్య ఏమిటి? నా పాదం ఏ వర్గంలో ఉంది? ఒత్తిడి ఎక్కువగా పడే చోటు ఎక్కడ, దాన్ని ఈ చెప్పు ఎలా తగ్గిస్తుంది? సరిపోకపోతే మార్చి ఇస్తారా? మళ్లీ ఎప్పుడు రావాలి? ఈ ఐదింటికీ ఓపికగా సమాధానం చెప్పి, ఆ సమాధానాలను చీటీ మీద రాసి ఇచ్చే వ్యక్తి దొరికితే, ఆయన వద్దనే కొలత ఇవ్వండి. తరువాతి జతకు కూడా ఆయన వద్దకే వెళ్లండి. మీ పాదంలో వచ్చే మార్పును ముందుగా గుర్తించగలిగేది పాత కొలతలు తన వద్ద ఉన్నవారే.